ముప్పై మార్కుల పేపర్లో మా తెలుగుకు ఎన్ని?

ఇంతకాలం మనం ఇక్కడ ఎర్రగడ్డ అంటారా ఉల్లిపాయ అంటారా, ఎనుము అంటారా గేదె అంటారా, పొరక ఎక్కడిదాకా వెళ్ళి చీపురు అవుతుంది అని రాసుకుంటూ వచ్చాం. అదంతా ఏదో ముసలాళ్ళ కాలక్షేపం అని మా ఇంట్లోనే అంటారు. కానీ ఆ మాటలకు మార్కులు వేసే చోటు ఒకటుంది. ఆసుపత్రిలో జ్ఞాపకశక్తి పరీక్ష. అరవై దాటిన మనిషిని కూర్చోబెట్టి, పదీ పదిహేను నిమిషాలు ప్రశ్నలు అడిగి, చివర్లో 30కి ఇన్ని అని ఒక అంకె రాస్తారు. ఆ అంకెను బట్టి ఇంట్లో ఆమె మాటకు విలువ ఉంటుందా, పొయ్యి దగ్గరికి ఆమెను పోనిస్తారా, బ్యాంకు పాస్‌బుక్కు ఎవరి బీరువాలోకి పోతుంది, అన్నీ తేలిపోతాయి. అందుకని ఆ ప్రశ్నపత్రాన్నే ఒక పుస్తకంలాగా చదివి విమర్శించాలని కూర్చున్నాను. నేను డాక్టర్ని కాను, బీకాం చదివి బ్యాంకులో రిటైరయినవాణ్ణి. ఫారాలు చదవడం మాత్రం బాగా వచ్చు.

మొదట మూల గ్రంథం. 1975లో అమెరికాలో మార్షల్ ఫోల్‌స్టీన్, సూసన్ ఫోల్‌స్టీన్, పాల్ మెక్‌హ్యూ అనే ముగ్గురు తయారుచేసిన మినీ మెంటల్ స్టేట్ ఎగ్జామినేషన్. మొత్తం 30 మార్కులు. ఈ రోజు ఏ తేదీ, ఏ వారం, ఏ ఋతువు, ఇది ఏ ఊరు, ఎన్నో అంతస్తు. మూడు మాటలు చెప్పి కాసేపాగి మళ్ళీ అడగడం. 100 నుంచి ఏడేడు తీసేయడం, లేదా ఇంగ్లీషులో 'వరల్డ్' అనే మాట అక్షరాలు వెనకనుంచి చెప్పడం. 'కళ్ళు మూసుకో' అని కాగితం మీద రాసి చూపించి చేయమనడం. ఒక వాక్యం రాయడం. ఒకదాని మీద ఒకటి పడిన రెండు ఐదుమూలల బొమ్మలు గీయడం. 24 కంటే తగ్గితే అనుమానించాలి అనేది వాడుకలో స్థిరపడిన లెక్క.

ఈ లెక్క ఎంత నమ్మదగ్గదో 1993లో అమెరికాలోనే తేలింది. 18,056 మందిని చూస్తే, తొమ్మిదేళ్ళు, అంతకు మించి బడికి వెళ్ళినవాళ్ళలో మధ్య మనిషి మార్కు 29. ఐదు నుంచి ఎనిమిదేళ్ళు చదివినవాళ్ళలో 26. నాలుగేళ్ళు, అంతకు తక్కువ చదివినవాళ్ళలో 22. అంటే అక్కడ కూడా, ఇంగ్లీషే మాతృభాష అయిన దేశంలో, బడి సరిగ్గా చూడని మామూలు మనిషి ఈ పేపరు ఫెయిలవుతాడు. ఇక మా పళ్ళిపట్టు, పొదటూరుపేట పక్క పల్లెల్లో మూడో క్లాసుతో ఆగిపోయిన అవ్వల సంగతి చెప్పేదేముంది. పరీక్ష కొలిచేది మెదడునా బడినా అన్న ప్రశ్న నేను కొత్తగా అడగడం లేదు. అది ఆ పరీక్ష తోబుట్టువు.

మన దేశంలో ఈ సంగతి ముందే పట్టుకున్నవాళ్ళున్నారు, వాళ్ళ పనిని మెచ్చుకోకుండా ముందుకు పోలేను. హర్యానాలో బల్లభ్‌గఢ్ అనే చోట, ఎక్కువమంది చదువురాని పల్లె పెద్దల కోసం, 1995లో హిందీ మెంటల్ స్టేట్ ఎగ్జామ్ అని ఒకటి వెలువడింది. అది మాటకు మాట అనువాదం కాదు. 'కళ్ళు మూసుకో' అని చదవమనే బదులు నా మొహం చూసి నేను చేసినట్టే చెయ్యి అన్నారు. వాక్యం రాయమనే బదులు మీ ఇంటిగురించి ఒక మాట చెప్పమన్నారు. ఇరవై నుంచి మూడేసి తీయమన్నారు. ఇది అసలైన అనువాదం. ప్రశ్న మారింది, ప్రశ్న అడిగేది మారలేదు. దానితోపాటు ఇంట్లోవాళ్ళను అడిగే ఒక చిన్న పట్టిక కూడా తయారైంది, రోజువారీ పనులు చేసుకోగలుగుతున్నారా లేదా అని. నాకు ఆ పరీక్షకంటే ఈ పట్టికే ఎక్కువ నచ్చింది. బ్యాంకులో కూడా బ్యాలెన్స్ షీటు ఒక్కటే చూసి అప్పిస్తే మునుగుతాం, ఊళ్ళోకి పోయి అంగడి తెరిచుందా అని చూడాలి.

ఇప్పుడు ఇదే పని మా ఊరి కోణంలోంచి చూద్దాం.

మొదటి ప్రశ్న, మీది ఏ జిల్లా? నవ్వకండి. తిరుత్తణి తాలూకాలో 1950లో పుట్టిన మనిషిని తీసుకోండి. పుట్టినప్పుడు చిత్తూరు జిల్లా. పుట్టినప్పటి రాష్ట్రం మద్రాసు, మూడేళ్ళకు ఆంధ్ర, ఆరేళ్ళకు ఆంధ్రప్రదేశ్. పటాస్కర్ గారి సిఫారసు మీద సరిహద్దు మార్చి 1960 ఏప్రిల్ 1న తిరుత్తణిని మద్రాసుకిచ్చేశారు, అప్పుడు చెంగల్పట్టు జిల్లా. 1969లో రాష్ట్రం పేరు తమిళనాడు. 1997లో తిరువళ్ళూరు జిల్లా. ఇల్లు కదల్లేదు, మంచం కదల్లేదు, పేర్లే కదిలాయి. ఆ మనిషి పలక మీద అ ఆ దిద్దింది ఆంధ్రలో, హైస్కూలు చదివింది మద్రాసు రాష్ట్రంలో. ఇప్పుడు డెబ్బై అయిదేళ్ళ వయసులో 'చెంగల్పట్టు' అని జవాబిస్తే ఒక మార్కు పోతుంది. ఆయనకు మతిమరుపా, మనకు చరిత్ర మరుపా?

నెల సంగతి ఇంకా తమాషా. మన తెలుగువాళ్ళు ఈ పక్క సౌరమాసాలే పలుకుతారు. ఆడి, పురటాసి, మార్గళి. తిరుత్తణి కొండకు కావళ్ళు పోయే నెల ఏదంటే ఎవరైనా ఆడి అంటారు, ఆషాఢం అనరు. తిరువళ్ళూరు వీరరాఘవస్వామి గుడికి ప్రతి అమావాస్యకూ జనం వస్తారు గదా, తై అమావాస్యకు ఇంకా ఎక్కువ. దాన్ని పుష్య అమావాస్య అని మా వీధిలో ఎవరూ అనగా వినలేదు. హైదరాబాదులో తయారైన జవాబుల పట్టికలో 'ఆడి' ఉంటుందా? చెన్నైలో ఉంటుంది, కానీ అక్కడ ప్రశ్న తమిళంలో ఉంటుంది. వారాల్లో గురువారానికి మా పెద్దలు బేస్తవారం అనే అంటారు. అడిగే పిల్లకు ఆ మాట తెలియకపోతే పక్కన ఇంటు మార్కు పెడుతుంది.

ఋతువు ప్రశ్న పెట్టినవాడికి నాలుగు ఋతువులుంటాయి. మాకు ఎండాకాలం, వానాకాలం, మంచుకాలం. జులైలో ఏ కాలం అంటే వరంగల్లులో వానాకాలం సరైన జవాబు. తిరువళ్ళూరులో జులైలో రాత్రిళ్ళు రెండు జల్లులు పడినా పగలు మాడుతూనే ఉంటుంది, మా చెరువులు నిండేది అక్టోబరు తర్వాత ఈశాన్య వానలకు. ఒకే భాష, రెండు ఆకాశాలు.

ఇవన్నీ చిన్నవే, ఒక్కొక్క మార్కు. అసలు గట్టి విషయం తర్వాత ఉంది. వాళ్ళు ఎగ్జిక్యూటివ్ ఫంక్షన్ అంటారు. తెలుగులో నేను దీన్ని 'పెత్తనం' అని చెప్పుకుంటాను. మెదడులో ముందరి భాగం చేసే పెత్తనం. ఏ పని ముందు, ఏది వెనక, ఒకటి చేస్తూ మధ్యలో ఇంకోదానికి మారడం, నోటికొచ్చిన మాటను ఆపుకోవడం, కొత్త చిక్కొస్తే దారి వెతుక్కోవడం. పొంగల్‌నాడు ముప్పైమందికి వండే ఇల్లాలు చేసేది ఇదే. 1975 నాటి పేపర్లో దీనికి చోటు దాదాపు లేదు. ఆ లోటు పూడ్చడానికి 2005లో కెనడాలో జియాద్ నస్రెద్దీన్ గారు మోంట్రియల్ కాగ్నిటివ్ అసెస్‌మెంట్ అనేది తెచ్చారు. పొట్టిగా మోకా. ఇదీ 30 మార్కులే, 26 వస్తే బాగున్నట్టు, చదువు పన్నెండేళ్ళు, అంతకు తక్కువ అయితే ఒక మార్కు ఉచితం. ఒక్క మార్కు! మూడో క్లాసుకూ పన్నెండేళ్ళు దాటిన చదువుకూ తేడా ఒక మార్కు అని ఎలా లెక్కేశారో, వడ్డీ లెక్కలు చేసినవాడిగా నాకు అర్థం కాలేదు.

అందులో ఒక ప్రశ్న, అంకెలూ అక్షరాలూ మార్చి మార్చి గీతతో కలపడం. ఇంగ్లీషులో 1 నుంచి ఏ, ఏ నుంచి 2, 2 నుంచి బి. తెలుగు చేస్తే 1-అ-2-ఆ-3-ఇ. ఈ ఆట 1944 నాటి అమెరికా సైన్యం పరీక్షల్లోంచి వచ్చింది. సైనికుడికి ఏబీసీడీ ఊపిరి లాగా వస్తుంది. మనకు అ ఆలు వరసగా చెప్పడం వచ్చు, కానీ ఏ అక్షరం తర్వాత ఏది అని తడుముకోకుండా చెప్పే అలవాటు బడితోనే పోతుంది. పైగా మా ఊళ్ళో సగంమంది తెలుగు మాట్లాడతారు, చదివేది తమిళ అక్షరాలు. 2006 చట్టం తర్వాత తమిళనాడు బళ్ళలో తమిళం తప్పనిసరి అయింది గనక ముందుముందు ఇది సగం కాదు, దాదాపు అందరూ. తెలుగు కాగితం ఇస్తే చదవలేడు, తమిళ కాగితం ఇస్తే అడిగేవాళ్ళు 'మీది తమిళమే గదా' అని మిగతా అంతా తమిళంలోనే నడిపిస్తారు.

తర్వాతది ఒక నిమిషంలో ఒక అక్షరంతో మొదలయ్యే మాటలు చెప్పడం. ఇంగ్లీషు మోకాలో ఎఫ్‌తో, పదకొండు చెప్తే మార్కు. మన 'ఫ'తో చెప్పండి చూద్దాం. ఫలం, ఫలితం, ఫలహారం, ఆపైన ఫోనూ ఫ్యానూ. కాబట్టి అక్షరం మార్చక తప్పదు. ఏది పెట్టినా మా ఊళ్ళో ఒక పేచీ వస్తుంది. ఉదాహరణకు 'క' పెట్టారనుకోండి. కాలు, కీలు, కూడు చెప్తే లెక్కలోకొస్తాయా? రాతలో అవి కా, కీ, కూ. బడికెళ్ళినవాడు గుణింతం గుర్తొచ్చి సందేహిస్తాడు, బడికెళ్ళనివాడు గడగడా చెప్తాడు. ఇంకొకటి. తమిళంలో క, ఖ, గ, ఘ అన్నిటికీ ఒకటే అక్షరం. తమిళ లిపిలో చదువుకున్న మన తెలుగువాడు గుడి, గంప, గాలి కూడా అదే అక్షరంతో రాసుకుంటాడు. 'క'తో చెప్పమంటే గుడి అన్నాడనుకోండి, అతను తప్పు చెప్పాడా? నోట్లో తెలుగు, కంట్లో తమిళం. ఈ జవాబుకు మార్కు ఉంటుందో లేదో మన పేజీలో తేల్చగలం గాని ఆసుపత్రిలో తేల్చలేం.

అక్షరం బదులు జంతువుల పేర్లు చెప్పమంటే అందరికీ సమానం అంటారు. చాలావరకు నిజం. కానీ పశువుల మధ్య పెరిగిన మనిషి 'ఆవు, దూడ, పెయ్య, కోడె, ఎద్దు, ఎనుము, పడ్డ, దున్న' అని కొట్టం మొత్తం ఏకరువు పెడతాడు. టౌనులో పెరిగిన పరీక్షకురాలికి అవి రెండు జంతువులు. ఆ పైన 'మాడు' అన్నాడంటే అది తమిళంలో ఆవో ఎద్దో, చెప్పిందే మళ్ళీ చెప్పాడని రాస్తారు. చెప్పిందే చెప్పడం ఈ పరీక్షల్లో జబ్బు గుర్తు. రెండు భాషలు తెలిసినవాడి సంపద ఇక్కడ జబ్బు కింద జమ అవుతుంది.

పోలికల ప్రశ్న నాకు అన్నిటికంటే ఆసక్తి. రైలుకూ సైకిలుకూ పోలిక ఏమిటి? రెండూ ప్రయాణ సాధనాలు అంటే మార్కు. రెండింటికీ చక్రాలున్నాయి అంటే సున్నా. దీని వెనక పెద్ద కథ ఉంది. 1930ల మొదట్లో రష్యా శాస్త్రవేత్త అలెగ్జాండర్ లూరియా ఉజ్బెకిస్తాన్ పల్లెలకు పోయి రైతుల ముందు నాలుగు బొమ్మలు పెట్టాడు. సుత్తి, రంపం, గొడ్డలి, కట్టెమొద్దు. ఇందులో కలవనిది ఏది? చదువుకున్నవాడు మొద్దు తీసేస్తాడు, మిగతావి పనిముట్లు గనక. రైతులు ఒప్పుకోలేదు. మొద్దు లేకపోతే రంపంతో ఏం కోస్తావు అని అడిగారు. లూరియా అర్థం చేసుకున్నది వాళ్ళకు బుద్ధి లేదని కాదు, వస్తువుల్ని జాతులుగా విడదీయడం బడి నేర్పే అలవాటు అని. మా పెద్దల్ని మడకకూ ఎద్దుకూ పోలిక అడగండి, రెండూ ఒకే కాడి కింద పోతాయి అంటారు. ఆ జవాబుకు నేనైతే రెండు మార్కులిస్తాను.

అదే లూరియా ఇంకో పని కూడా చేశాడు. పిడికిలి, చేతి అంచు, అరచేయి, ఈ మూడూ వరసగా బల్లమీద పెట్టమనే పరీక్ష ఆయనదే. 2000లో ఫ్రాన్సులో డ్యూబువా బృందం తెచ్చిన ఫ్రంటల్ అసెస్‌మెంట్ బ్యాటరీ అనే చిన్న పరీక్షలో అది ఉంది. నేను ఒకసారి తట్టితే నువ్వు ఒకసారి తట్టు, రెండుసార్లు తడితే తట్టకు అనే ఆట కూడా ఉంది. దీనికి అక్షరం అక్కర్లేదు, జిల్లా పేరు అక్కర్లేదు. పెత్తనం ఉందా లేదా తెలిసిపోతుంది. గడియారం గీసి పదకొండూ పది చూపించమనేది కూడా బాగానే దాటి వచ్చింది మన భాషలోకి. 'పది' అన్న మాట చెవిన పడగానే ముల్లు పది అంకె మీదికి పోకుండా ఆపుకోవాలి, ఉచ్చు అదే. అన్నీ భాష మారితే చెడిపోతాయని నేననడం లేదు. గడియారమే వాడనివాళ్ళకు మాత్రం ఇదీ బడే.

ఇక తెలుగులో జరిగిన పని. హైదరాబాదు నిమ్స్‌లో సువర్ణ అల్లాడి గారి బృందం ఏళ్ళ తరబడి ఈ పరీక్షల్ని తెలుగులోకి తెచ్చే పని చేసింది. ఐసీఎంఆర్ వాళ్ళు హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడం, మలయాళం అని ఐదు భాషల్లో ఒకే కొలతకు వచ్చేట్టు ఒక పరీక్షల పెట్టె తయారుచేయించారు. తమిళం ఆ ఐదింటిలో లేదు. 100 మార్కుల అడెన్‌బ్రూక్స్ పరీక్ష మూడో కూర్పును మన దేశంలో ఏడు భాషల్లో పరీక్షించి 2020లో ప్రకటించారు, అందులో తెలుగూ తమిళమూ రెండూ ఉన్నాయి. ఈ అడెన్‌బ్రూక్స్ అనువాదం ఎంత కష్టమో ఒక్క ఉదాహరణ చాలు. ఇంగ్లీషులో 'పింట్', 'డో', 'హైట్' లాంటి, రాతకూ పలుకుకూ పొంతన లేని మాటలు చదివిస్తారు. అలవాటు మీద చదివేవాడు సరిగ్గా చదువుతాడు, ఆ అలవాటు చెడిపోయినవాడు అక్షరం అక్షరం కూడబలుక్కుని తప్పు చదువుతాడు. మన తెలుగులో ఎలా రాస్తే అలా చదువుతాం. ఆ ఉచ్చు మన లిపిలో పన్నడానికి వీల్లేదు. బొమ్మల్లో లంగరు, హార్ప్, అకార్డియన్ ఉన్నాయి. మా పక్క హార్మోనియం తెలుసు, నాదస్వరం తెలుసు.

అనువాదకుల్ని తప్పు పట్టడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. వాళ్ళు చేసింది గొప్ప పని. నా పేచీ వేరే. తెలుగు అని రాసిన డబ్బాలో ఒకే తెలుగు పట్టింది. ఉర్లగడ్డ బొమ్మ చూపిస్తే బంగాళదుంప, ఆలుగడ్డ రెండూ ఒప్పుకునే పట్టిక రాయడం సులభం, ఎందుకంటే ఆ రెండు ప్రాంతాలూ ఆ గదిలో కూర్చుని ఉంటాయి. సరిహద్దు ఇవతల ఉన్న తెలుగు ఆ గదిలో లేదు. తమిళ పరీక్ష రాసినవాళ్ళ గదిలోనూ లేదు.

నిమ్స్ బృందమే 2013లో ఇంకో ముఖ్యమైన సంగతి బయటపెట్టింది. 648 మంది డిమెన్షియా రోగుల రికార్డులు చూస్తే, రెండు భాషలు మాట్లాడేవాళ్ళకు జబ్బు నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా వచ్చింది. చదువు రానివాళ్ళలో కూడా ఆ తేడా కనిపించింది, కాబట్టి ఇది బడి మహిమ కాదు. రెండుకు మించి ఎన్ని భాషలొచ్చినా అదనపు లాభం కనిపించలేదు. దీన్ని మన పేజీలో చాలామంది గర్వంగా పంచుకున్నారు. గర్వం సరే. రెండు భాషల మెదడు జబ్బును ఆలస్యం చేస్తుంది, కానీ అదే మెదడును ఒక భాష కాగితంతో కొలిస్తే జబ్బు ముందే వచ్చినట్టు కనిపించవచ్చు. ఒక చేత్తో ఇచ్చింది ఇంకో చేత్తో తీసుకున్నట్టు.

మా బంధువుల్లో ఒక పెద్దమ్మ ఉంది. డెబ్బై ఎనిమిదేళ్ళు, పళ్ళిపట్టు పక్క పల్లె, మూడో క్లాసు తెలుగు. మరుపు ఎక్కువైందని పిల్లలు చెన్నైలో ఒక ఆసుపత్రికి తీసుకుపోయారు. అడిగిన అమ్మాయి మంచిది, ఓపిక ఉన్నది. అంతా తమిళంలో అడిగింది. పెద్దమ్మకు తమిళం రాదా అంటే వస్తుంది, అంగడి అరవం. కొత్తిమీర కట్ట బేరమాడడానికి, బస్సులో సీటు అడగడానికి. 'ఇరండుక్కుం ఎన్న ఒట్రుమై' అని అడిగితే ఆ ఒట్రుమై అన్న మాట ఆమె తెచ్చుకున్న అరవంలో లేదు. 30కి 17 వచ్చింది.

కొన్ని నెలల తర్వాత వేరే చోట చిత్తూరు పక్కనుంచి వచ్చిన డాక్టరు ఒకాయన చూశాడు. 'ఏమ్మా, ఇప్పుడేం నెల నడస్తా ఉండాది?' అని మన మాటలోనే మొదలుపెట్టాడు. పెద్దమ్మ 'పురటాసి గదా నాయనా, ఇంట్లో నీసు వండం' అంది. 22 వచ్చింది. అదే రకం పేపరు రెండోసారి రాస్తే కొంత పెరగడం మామూలేనని ఆయనే చెప్పాడు, కాబట్టి ఆ ఐదూ భాషవే అనను. కానీ రెండు కాగితాలూ నేను పక్కపక్కన పెట్టి, లెడ్జరు టిక్కు పెట్టినట్టు చూశాను. పెరిగినవి నెల, జిల్లా, చెప్పిన వాక్యం తిరిగి చెప్పడం, చెప్పిన పని చేయడం. పెరగనివి మూడు మాటలు గుర్తు పెట్టుకోవడం. మొదటిసారీ సున్నా, రెండోసారీ సున్నా. 'మూడు మాటలు చెప్పినానా? ఎప్పుడు?' అంది.

అంటే ఆమెకు జబ్బు ఉంది. మొదటి కాగితంలో అన్నీ సమానంగా పోయినట్టు కనబడ్డాయి గనక ఏది జబ్బో ఏది అరవమో తెలియలేదు. రెండో కాగితం మీద జబ్బు ఒక్కటే ఒంటరిగా నిలబడింది. డాక్టరు వెంటనే అదే పట్టుకున్నాడు. మన మాండలికంలో అడగమనేది మనవాళ్ళకు మార్కులు కలపమని కాదు. ఆ గందరగోళం తీసేస్తే నిజమైన నష్టం ఇంకా స్పష్టంగా కనబడుతుంది, ముందుగా కనబడుతుంది.

ఈ మధ్యలో ఇంకొకటి జరిగింది. పెద్దమ్మ పేరు మీద ఒక ఎకరా కయ్య ఉంది. ఆ 17 చూసి దగ్గరివాళ్ళలోనే ఒకరు, ఇంక ఆమె వేలిముద్ర చెల్లదు, ఏం చేసినా మనమే చేయాలి అన్నారు. నేను బీకాంలో మర్కెంటైల్ లా చదివినవాణ్ణి, ఊరుకోలేదు. 1872 కాంట్రాక్టు చట్టం 12వ సెక్షన్ మార్కులు అడగదు. ఒప్పందం చేసుకునే సమయానికి అది ఏమిటో అర్థం చేసుకోగలడా, తన మేలుకీడుల మీద దాని ప్రభావం ఏమిటో ఆలోచించగలడా, ఇదే అడుగుతుంది. బ్యాంకులో కూడా సంతకం పెట్టలేని పెద్దవాళ్ళకు వేలిముద్ర, అదీ కాకపోతే కాలివేలి ముద్ర, ఇద్దరు సాక్షులు, అందులో ఒకరు బ్యాంకు మనిషి అని రిజర్వు బ్యాంకు దారి చూపించి ఉంది. చెయ్యి వణకడం వేరు, తెలియకపోవడం వేరు అని ఒక ఫారం గుర్తించగలిగినప్పుడు, మాట రాకపోవడం వేరు, మతి లేకపోవడం వేరు అని ఇంకో ఫారం ఎందుకు గుర్తించకూడదు? పెద్దమ్మను అడిగితే ఆ కయ్య ఎవరికి, ఎందుకు, చిన్నోడికి ఎందుకు కాదు, అన్నీ చెప్పింది. మర్నాడు అడిగినా అదే చెప్పింది, నిన్న అడిగిన సంగతి మాత్రం మర్చిపోయింది.

దీనికి తలకిందులు కూడా చూశాను, సర్వీసులో ఉన్నప్పుడు. ఒక రిటైర్డు మాస్టారు. తేదీ తప్పడు, సంవత్సరాలు తప్పడు, నూరులోంచి ఏడేడు నాకంటే వేగంగా తీసేస్తాడు. ఆ పాత పేపరు పెడితే 29కి తగ్గేవాడు కాదు. ఆయన ఒకే రోజు మూడుసార్లు వచ్చి డబ్బు తీసేవాడు. ఫోనులో ఎవరో చెప్పారని ఫిక్స్‌డ్ డిపాజిట్ పగలగొట్టమనేవాడు. ఎందుకు సార్ అంటే కోపం, అంతకుముందు కోపమే ఎరగని మనిషి. జ్ఞాపకం చెక్కుచెదరలేదు, పెత్తనం పోయింది. ఇలాంటివాళ్ళను కౌంటరులో కూర్చున్న పిల్లలు డాక్టర్లకంటే ముందు చూస్తారు. ఇంట్లోవాళ్ళు మాత్రం 'మా నాన్నకు అన్నీ గుర్తే' అని ధైర్యంగా ఉంటారు. చదువుకున్నవాడిని ఈ పేపరు ఎక్కువ కాపాడుతుంది, చదువులేనివాళ్ళని ఎక్కువ దోషిని చేస్తుంది. రెండుచోట్లా తప్పు ఒకే పక్కకు వంగి ఉంది.

నా విమర్శ ఇంతవరకే. పని ఏమిటంటే, పరీక్షలు తయారుచేసేవాళ్ళకు మనం ఇవ్వగలిగింది ఒకటుంది. ఒప్పుకోదగ్గ జవాబుల పట్టిక. కొత్త పరీక్ష కాదు, అది మన పని కాదు. పాత ప్రశ్నకు తిరువళ్ళూరు, తిరుత్తణి, పళ్ళిపట్టు, ఊత్తుకోట పక్కల మనుషులు ఇచ్చే సరైన జవాబులు. తమిళ డాక్టరు చేతిలో పెట్టినా ఉపయోగపడేట్టు తెలుగు మాటా, పక్కన తమిళ లిపిలో ఉచ్చారణా ఉండాలి. నేను మొదలుపెట్టాను: గురువారం–బేస్తవారం, బంగాళదుంప–ఉర్లగడ్డ, వెల్లుల్లి–తెల్లగడ్డ, నాగలి–మడక, చీపురు–పొరక, కొబ్బరికాయ–టెంకాయ, డబ్బు–దుడ్లు, వేరుశనగ–శెనిక్కాయ. పరీక్ష బొమ్మల్లో మామూలుగా వచ్చే సింహం, ఒంటె, ఖడ్గమృగం, మొసలి, కిరీటం, పీపా, ఇవి మీ ఇళ్ళల్లో ఎనభై దాటినవాళ్ళు ఏమంటారో అడిగి రాయండి. బొమ్మ చూపించి అడగండి, పేరు చెప్పి అడగొద్దు. ఎవరు, ఏ ఊరు, ఎన్నేళ్ళు, ఏ బడి, ఏ లిపి చదువుతారు అన్నది రాయండి, పేర్లు వద్దు. ఖడ్గమృగానికి మా వీధిలో ముగ్గురిని అడిగాను. ఇద్దరు తమిళంలో కాండామృగం అన్నారు, ఒకావిడ 'సర్కస్‌లో చూసినాను, పేరెవరూ చెప్పలేదు' అంది.

పశువుల మాటలు విడిగా పంపండి. పెయ్యకూ పడ్డకూ మధ్య ఇంకో మాట ఉందని కనకమ్మసత్రం పక్కన ఒకాయన అంటున్నాడు, ఆయనకూ నోట్లోనే ఉంది గాని రావడం లేదు.